లింకన్ రైతు కుటుంబపు వంశావళి

లింకన్ రైతు కుటుంబపు వంశావళి అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాల 16వ అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ తల్లిదండ్రుల, తాతముత్తాతల పుట్టుపూర్వోత్తరాల చరిత్ర. ఈ కుటుంబం వర్జీనియా, కెంటకీ, ఇండియానా, ఇల్లినాయ్ ప్రాంతాలలో అడవులు నరికి, భూములు సాగుచేసుకొని జీవించిన సామాన్య రైతు కుటుంబం. ఇటువంటి కుటుంబాలు తమ చరిత్రను తాము వ్రాసుకోలేదు. కనుక వారిని గురించిన సమాచారం పన్ను పట్టికలు, వివాహ పత్రాలు, వీలునామాలు, భూమి దస్తావేజులు, కుటుంబ బైబిలు పుటలు, ముసలివారి జ్ఞాపకాలు మొదలైన వాటిలో చెల్లాచెదురుగా ఉన్నది. ఆ ఆధారాలు అనేకచోట్ల ఒకదానితో ఒకటి విభేదిస్తాయి.

లింకన్ అధ్యక్షుడు కావడం వలన ఆ కుటుంబానికి సంబంధించిన ప్రతి కాగితాన్నీ పండితులు నూటయాభై ఏళ్ళకు పైగా పరిశీలించారు. అందువలన 19వ శతాబ్దపు అమెరికన్ రైతు కుటుంబాల చరిత్రను ఎలా పరిశోధించాలో తెలుసుకొనటానికి ఇది మంచి ఉదాహరణ. ఈ పరిశోధన కేవలం తేదీల లెక్క కాదు. ఒక కౌంటీ కార్యాలయంలో ఒక కాగితం దొరకకపోవడం వలన లింకన్ తల్లి నాన్సీ హాంక్స్ శీలంపై చాలాకాలం నింద నిలిచింది.

కుటుంబ పరిచయం

నేడు చరిత్రకారులు అంగీకరించిన పితృవంశ క్రమం ఈ విధంగా ఉన్నది.

1. సామ్యూల్ లింకన్ - ఇంగ్లాండులోని నార్ఫోక్ ప్రాంతపు హింగ్‌హాం నుండి 1637లో మసాచుసెట్స్‌కు వలస వచ్చినవాడు.
2. మొర్డెకై లింకన్ - సామ్యూల్ కుమారుడు.
3. రెండవ మొర్డెకై లింకన్ - న్యూజెర్సీకి, అటుపిమ్మట పెన్సిల్వేనియాకు తరలిపోయాడు.
4. జాన్ లింకన్ - 1768 ప్రాంతంలో వర్జీనియాలోని లిన్విల్ క్రీక్‌కు చేరాడు. అందువలన ఇతనిని 'వర్జీనియా జాన్' అంటారు.
5. కెప్టెన్ అబ్రహాం లింకన్ - కెంటకీకి వలస వెళ్ళాడు. అధ్యక్షుడికి తాత. మనుమడికి ఈయన పేరే పెట్టారు.
6. థామస్ లింకన్ - రైతు, వడ్రంగి. 1851 జనవరి 17న ఇల్లినాయ్‌లోని కోల్స్ కౌంటీలో మరణించాడు.

థామస్, నాన్సీ హాంక్స్ దంపతులకు ముగ్గురు పిల్లలు. పెద్దది సారా (జననం 1807 ఫిబ్రవరి 10), రెండవవాడు అబ్రహాం (జననం 1809 ఫిబ్రవరి 12). మూడవవాడైన థామస్ శైశవంలోనే మరణించాడు. నాన్సీ 1818 అక్టోబరు 5న ఇండియానాలో 'పాల జబ్బు' వలన మరణించింది. ఒక విషపు మొక్కను మేసిన ఆవుల పాలు త్రాగటం వలన ఈ వ్యాధి వచ్చేది. 1819 డిసెంబరు 2న థామస్ కెంటకీ వెళ్ళి సారా బుష్ జాన్‌స్టన్ అనే వితంతువును రెండవ వివాహం చేసుకున్నాడు.

లభించే ఆధారాలు, వాటి పరిమితులు

అమెరికాలో జనాభా లెక్కలు 1790లో ప్రారంభమయ్యాయి. అయితే 1840 వరకు జరిగిన లెక్కలలో ఇంటి యజమాని పేరు మాత్రమే వ్రాసేవారు. తక్కిన వారిని వయస్సుల వారీగా అంకెలలో చూపేవారు. స్వతంత్రులైన వారందరి పేర్లు నమోదు చేయడం 1850లో మొదలైంది. ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో వ్రాయడం 1880లో మొదలైంది. కనుక 1818లో మరణించిన నాన్సీ పేరు ఏ జనాభా లెక్కలోనూ కనిపించే అవకాశం లేదు. పైగా కెంటకీకి సంబంధించిన 1790, 1800 లెక్కల పత్రాలు నష్టమైపోయాయి. ఆ లోటును పరిశోధకులు కౌంటీల పన్ను పట్టికలతో పూరించుకుంటారు. పన్ను పట్టికలలో పదహారేళ్ళు, ఇరవై ఒక్క ఏళ్ళు దాటిన మగవారి లెక్క ఉంటుంది కాబట్టి వయస్సును సుమారుగా అంచనా కట్టవచ్చు. కానీ వాటిలో స్త్రీల ప్రస్తావన అరుదు.

కుటుంబ బైబిలులో జనన మరణాలు వ్రాసుకొనే ఆచారం అమెరికన్ రైతులకు ఉండేది. లింకన్ కుటుంబపు బైబిలు పుట కూడా ఉన్నది. దానిని మొదటిసారి చూచినవారు అది ఆయా సంఘటనలు జరిగినప్పుడే వ్రాసినదని అనుకొనే ప్రమాదమున్నది. వాస్తవానికి దానిని తండ్రి మరణించిన తరువాత, 1851లో, అబ్రహాం లింకన్ తన చేతితో వ్రాశాడు. అంటే సారా జననం నమోదైనది ఆమె పుట్టిన నలభై నాలుగేళ్ళకు. ఆ పుటలో కొంత భాగం చిరిగిపోయింది కూడా. థామస్ 1778 జనవరి 6న జన్మించాడని ఈ పుట చెపుతుంది. 1776 అని చెప్పినవారూ ఉన్నారు.

ఇంటిపేరు వ్రాతలో తేడాలు

ఆనాటి గుమాస్తాలు పేర్లను చెవికి వినిపించినట్లు వ్రాసేవారు. 1780లో కెప్టెన్ అబ్రహాంకు 400 ఎకరాలకు ఇచ్చిన భూమి పత్రంలో ఇంటిపేరు 'లింక్‌హార్న్' అని ఉన్నది. 'లింకెర్న్' వంటి రూపాలు కూడా కనిపిస్తాయి. ఒక్క వర్ణక్రమాన్నే పట్టుకొని వెదికేవారికి ఈ పత్రాలు దొరకవు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకడే అనికూడా చెప్పలేము. కెంటకీలో ఒకే కాలంలో ఇద్దరు థామస్ లింకన్‌లు ఉన్నారు. ఒకరు అధ్యక్షుడి తండ్రి, మరొకరు ఆ తండ్రికి పినతండ్రి. ఒకరి లావాదేవీలను మరొకరికి అంటగట్టిన రచనలు లేకపోలేదు.

తాత మరణించిన సంవత్సరం

కెప్టెన్ అబ్రహాం పొలంలో పనిచేస్తుండగా స్థానిక తెగల వారి దాడిలో మరణించాడు. ఈ సంఘటనను మనుమడు తండ్రి నోట అనేకసార్లు విన్నాడు. 1859లో వ్రాసిన స్వీయ పరిచయంలో లింకన్ తన తాత 1781 లేక 1782లో కెంటకీకి వచ్చాడని, ఒకటి రెండేళ్ళకే చంపబడ్డాడని, అప్పటికి తన తండ్రికి ఆరేళ్ళని తెలిపాడు. దీని ప్రకారం మరణం 1784 ప్రాంతంలో జరిగి ఉండాలి.

అయితే జెఫర్సన్ కౌంటీలో లాంగ్ రన్ అనేచోట గల భూమిని 1785 మే నెలలో కొలిచారు. ఆ కొలత పత్రంలో కెప్టెన్ అబ్రహాం పాల్గొన్నట్లు ఉన్నది. 1784లో మరణించినవాడు 1785లో పొలం సరిహద్దులు గుర్తించడు కదా! అందుచేత చరిత్రకారులు మరణ సంవత్సరాన్ని 1786గా నిర్ణయించారు. అప్పుడు థామస్ వయస్సు ఎనిమిదేళ్ళు అవుతుంది. ఇక్కడ లింకన్ అబద్ధమాడలేదు. తండ్రి చెప్పిన కథలో సంఘటన నిలిచింది, సంవత్సరం జారిపోయింది. కుటుంబ కథనాలలో ఇది సాధారణంగా జరిగేదే.

ఈ రెండేళ్ళ తేడాను పట్టించుకోవడానికి ఒక కారణమున్నది. అప్పట్లో కెంటకీ ప్రాంతం వర్జీనియాలో భాగం. వీలునామా లేకుండా మరణించిన వాని భూమి అంతా పెద్ద కుమారునికే చెందే పాత చట్టం 1787 జనవరి 1 నుండి రద్దయింది. తండ్రి అంతకు ముందే మరణించటం వలన ఆస్తి పెద్దవాడైన మొర్డెకైకి దక్కింది. చిన్నవాడైన థామస్ కూలిపనులు చేస్తూ పెరిగాడు. తండ్రి మరికొన్ని నెలలు బ్రతికి ఉంటే థామస్ కూడా భూమి గలవాడై ఉండేవాడు. వంశావళిలో ఒక తేదీ ఒక కుటుంబపు పేదరికానికి కారణాన్ని ఈ విధంగా చూపగలదు.

న్యూ ఇంగ్లాండుతో సంబంధం

1848లో మసాచుసెట్స్‌లోని హింగ్‌హాంకు చెందిన సాలమన్ లింకన్ అనే వ్యక్తి, అప్పుడు కాంగ్రెసు సభ్యుడైన అబ్రహాం లింకన్‌కు ఉత్తరం వ్రాసి వంశవివరాలు అడిగాడు. లింకన్ తనకు తాతను దాటి పెద్దగా తెలియదని జవాబిచ్చాడు. 1859లో కూడా న్యూ ఇంగ్లాండులోని లింకన్‌లతో తమకు సంబంధం కలపడానికి జరిగిన ప్రయత్నంలో ఇరువైపులా మొర్డెకై, సాలమన్, అబ్రహాం వంటి పేర్లు కనిపించటం తప్ప మరేమీ తేలలేదని వ్రాశాడు. పేర్ల పోలిక రుజువు కాదని ఆయన గ్రహించటం గమనించదగినది.

లింకన్ మరణానంతరం మసాచుసెట్స్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాలలోని వీలునామాలను, దస్తావేజులను వరుసగా కలిపి చూచి పరిశోధకులు ఆ గొలుసును పూర్తిచేశారు. 1909లో లీ, హచిన్‌సన్ ప్రచురించిన గ్రంథం, 1923లో వాల్డో లింకన్ ప్రచురించిన కుటుంబ చరిత్ర ఇందులో ముఖ్యమైనవి. అధ్యక్షుడు తన జీవితకాలంలో తెలుసుకోలేకపోయిన తన పూర్వీకులను తరువాతి తరం కాగితాలలో కనుగొన్నది.

వివాహ పత్రం వివాదం

థామస్, నాన్సీల వివాహం 1806లో జరిగిందని 1860 నాటి స్వీయచరిత్రలో లింకన్ వ్రాశాడు. కాని స్థలాన్ని గురించిన వివరం అందులో లేదు. ఈ కుటుంబం హార్డిన్ కౌంటీలో నివసించినందున అందరూ ఆ కౌంటీ కేంద్రమైన ఎలిజబెత్‌టౌన్‌లోనే వెదికారు. అక్కడ 1819 నాటి రెండవ వివాహపు నమోదు దొరికింది. మొదటి వివాహపు నమోదు దొరకలేదు.

దీనివలన రెండు రకాల పొరపాట్లు జరిగాయి. మొదటిది అమాయకమైనది. 1860లో ఎలిజబెత్‌టౌన్‌కు చెందిన సామ్యూల్ హేక్రాఫ్ట్ సారా జాన్‌స్టన్‌ను లింకన్ తల్లిగా భావించి ఆయనకు ఉత్తరం వ్రాశాడు. ఆమె తన తండ్రి రెండవ భార్య అని, తన తల్లి పుట్టింటి పేరు నాన్సీ హాంక్స్ అని లింకన్ సరిదిద్దాడు. హేక్రాఫ్ట్‌కు తెలిసిన వివాహం నిజమే, దాని నుండి ఊహించినది తప్పు.

రెండవది హానికరమైనది. నమోదు దొరకలేదు కనుక పెళ్ళే జరగలేదని కొందరు ప్రచారం చేశారు. 1872లో వార్డ్ హిల్ లామన్ పేరుతో వెలువడిన జీవితచరిత్ర ఈ సందేహానికి బలమిచ్చింది. లింకన్ అసలు తండ్రి వేరొకరని చెప్పే కథలు పలు ప్రాంతాలలో పుట్టాయి. ఉత్తర కరోలినాకు చెందిన ఒక భూస్వామియే ఆయన తండ్రి అని వాదిస్తూ 1899లో ఒక పుస్తకమే వెలువడింది.

1878లో హార్డిన్‌కు సమీపంలోని వాషింగ్టన్ కౌంటీ కార్యాలయంలో అసలు పత్రాలు బయటపడ్డాయి. వధువు తన బంధువులైన బెర్రీ కుటుంబంతో ఆ కౌంటీలో నివసించేది. ఆనాటి ఆచారం ప్రకారం వివాహ పత్రం వధువు ఉండే కౌంటీలో తీసుకునేవారు. దొరికిన పత్రాలు రెండు.

* 1806 జూన్ 10 నాటి పూచీకత్తు పత్రం. వివాహానికి చట్టపరమైన అడ్డంకి ఏదైనా ఉన్నట్లు తేలితే 50 పౌన్లు చెల్లిస్తామని థామస్ లింకన్, రిచర్డ్ బెర్రీ సంతకాలు చేశారు.
* వివాహం జరిపించిన మతబోధకుడు జెస్సీ హెడ్ కౌంటీకి సమర్పించిన నివేదిక. ఆయన జరిపిన వివాహాల జాబితాలో 1806 జూన్ 12న థామస్ లింకన్, నాన్సీ హాంక్స్‌ల వివాహం ఉన్నది.

పూచీకత్తు పత్రం పెళ్ళి చేసుకోవాలనే ఉద్దేశాన్ని మాత్రమే తెలుపుతుంది. పెళ్ళి జరిగినదని రుజువు చేసేది మతబోధకుని నివేదిక. ఈ రెండూ లభించటంతో పెద్ద కుమార్తె పుట్టుక, అబ్రహాం పుట్టుక రెండూ వివాహం తరువాతనే అని నిశ్చయంగా తేలింది. విలియం బార్టన్ 1920లో ప్రచురించిన గ్రంథంలో పితృత్వానికి సంబంధించిన కథలన్నింటినీ ఒక్కొక్కటిగా పరిశీలించి త్రోసిపుచ్చాడు. అయినా ఆ మాట పడిన నాన్సీ అప్పటికి మరణించి వందేళ్ళు దాటింది. కుమారుడు కూడా తల్లి వివాహ పత్రాన్ని చూడకుండానే 1865లో హత్యకు గురయ్యాడు.

నాన్సీ హాంక్స్ తల్లిదండ్రులు

ఈ వంశావళిలో అన్నిటికంటె చిక్కుముడి నాన్సీ హాంక్స్ పుట్టుక. ఆమె 1784 ఫిబ్రవరి 5న వర్జీనియాలో జన్మించిందని చెప్పుతారు. ఆమె తల్లిదండ్రుల గురించి ముఖ్యంగా మూడు వాదాలున్నాయి.

మొదటి వాదం: నాన్సీ, లూసీ హాంక్స్ అనే అవివాహిత కుమార్తె. దీనికి ఆధారం లింకన్ మాటే. 1850 ప్రాంతంలో గుర్రపు బండిలో కోర్టుకు వెళుతూ తన తల్లి లూసీ హాంక్స్‌కు, వర్జీనియాకు చెందిన ఒక సంపన్న రైతుకు వివాహేతరంగా పుట్టినదని ఆయన తన న్యాయవాద భాగస్వామి హెర్న్‌డన్‌కు చెప్పాడు. హెర్న్‌డన్ దీనిని లింకన్ మరణించిన తరువాతే బయటపెట్టాడు. అందుచేత కొందరు దీనిని నమ్మలేదు. అయితే 1789లో కెంటకీలోని మెర్సర్ కౌంటీ న్యాయస్థానంలో లూసీ హాంక్స్ ప్రవర్తనపై అభియోగం నమోదైంది. 1790లో ఆమెకు, హెన్రీ స్పారోకు వివాహ పత్రం మంజూరైంది. అందుకోసం తాను మేజరునని, తనకు ఇష్టమేనని ఆమె స్వయంగా వ్రాసి ఇచ్చింది. 1791లో పెళ్ళి జరిగింది.

రెండవ వాదం: నాన్సీ, జోసెఫ్ హాంక్స్, నాన్సీ షిప్లే దంపతుల ఔరస పుత్రిక. 1899లో కారొలిన్ హిచ్‌కాక్ ప్రచురించిన పుస్తకం దీనిని ప్రతిపాదించింది. కెంటకీలోని నెల్సన్ కౌంటీలో 1793లో నమోదైన జోసెఫ్ హాంక్స్ వీలునామా ఆమెకు ఆధారం. అందులో ఆయన కుమారులకు, ఎలిజబెత్, పాలీ, నాన్సీ అనే ముగ్గురు కుమార్తెలకు పంపకం చేశాడు. ఆడపిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పెయ్యదూడ చొప్పున, దాని పేరుతో సహా వ్రాసియిచ్చాడు. లూసీ పేరు అందులో లేదు.

మూడవ వాదం: లూసీ పుట్టింటి పేరు షిప్లే. ఆమె జేమ్స్ హాంక్స్ అనే వాని భార్య, తరువాత వితంతువు. నాన్సీ వారి ఔరస పుత్రిక. 1926లో గ్రంథం ప్రచురించిన లూయిస్ వారెన్ ఈ వాదాన్ని సమర్థించాడు.

షిప్లే అనే ఇంటిపేరు ఈ చర్చలోకి రావటానికి కారణం బెర్రీ కుటుంబమే. నాన్సీకి ఆశ్రయమిచ్చిన బెర్రీ ఇంటి పెద్దావిడ షిప్లే ఆడపడుచు. కనుక నాన్సీ తల్లి కూడా షిప్లే కుటుంబానిదై ఉంటుందని ఊహించారు.

ఇద్దరు నాన్సీలు

వీలునామాలోని నాన్సీ, అధ్యక్షుడి తల్లి ఒకరేనా అన్నదే అసలు ప్రశ్న. తరువాతి పరిశోధనలో వీలునామాలోని నాన్సీ వేరొక స్త్రీ అని తేలింది. ఆమె లూసీకి చెల్లెలు. ఆమెకు 1799లో డెన్నిస్ హాంక్స్ అనే కుమారుడు జన్మించాడు. అటుపిమ్మట ఆమె లెవీ హాల్‌ను వివాహమాడింది. అనగా ఒకే కుటుంబంలో పిన్ని పేరు, అక్క కూతురి పేరు ఒకటే.

ఈ గందరగోళం పెరగడానికి ఇంగ్లీషు భాషలోని వరుసలు కూడా కారణమే. డెన్నిస్‌ను ఇంగ్లీషు రచనలన్నీ లింకన్‌కు 'కజిన్' అంటాయి. ఆ మాట తరాన్ని చెప్పదు, తల్లివైపో తండ్రివైపో చెప్పదు. తెలుగు వరుసలతో చూస్తే విషయం తేటపడుతుంది. డెన్నిస్ నాన్సీకి పిన్ని కొడుకు, అంటే తమ్ముడు. లింకన్‌కు మేనమామ వరుస. ఇతర భాషల వంశావళులు చదివే తెలుగు విద్యార్థులు ప్రతి బంధుత్వాన్నీ ఇలా మన వరుసలలోకి మార్చి చూసుకుంటే తప్పులు త్వరగా బయటపడతాయి.

డెన్నిస్‌ను, కొంతకాలం నాన్సీని, లూసీ చెల్లెలు ఎలిజబెత్, ఆమె భర్త థామస్ స్పారో పెంచారు. వారు కూడా 1818లో పాల జబ్బుతోనే మరణించారు. అందువలన నాన్సీ ఇంటిపేరు స్పారో అని డెన్నిస్ చెప్పేవాడు. ఆమె జన్మను గురించిన మాటను ఆయన ఒప్పుకొనేవాడు కాదు. తానూ అదేవిధంగా పుట్టినవాడు కనుక కుటుంబ మర్యాద కోసం అలా చెప్పి ఉంటాడని చరిత్రకారులు భావిస్తారు. సాక్షి దగ్గర బంధువైనంత మాత్రాన సాక్ష్యం నిర్దుష్టమని చెప్పలేము.

డి.ఎన్.ఏ. పరీక్షలు

మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. తల్లి నుండి మాత్రమే పిల్లలకు సంక్రమిస్తుంది. కొడుకు దానిని తన సంతానానికి ఇవ్వలేడు. కాబట్టి లింకన్ వారసులు ఉన్నా ఈ పరీక్షకు పనికిరారు. ఆయన ప్రత్యక్ష వారసులలో చివరివాడు 1985లో మరణించాడు. సోదరి సారా 1828లో ప్రసవ సమయంలో మరణించింది, బిడ్డ కూడా దక్కలేదు. అందువలన పరిశోధకులు హాంక్స్, షిప్లే కుటుంబాల ఆడపిల్లల నుండి ఆడపిల్లల ద్వారా దిగివచ్చిన సంతతిని వెదికి పరీక్షించారు.

2015లో ప్రచురితమైన ఈ అధ్యయనం లూసీ జన్మతః హాంక్స్ ఆడపడుచేనని, షిప్లే కాదని, నాన్సీ లూసీ కుమార్తె అని తేల్చింది. ఈ వంశానికి చెందిన వర్గం 'ఎక్స్1సి' అని, అది చాలా అరుదైనదని తెలిపింది. దీనితో రెండవ, మూడవ వాదాలలోని షిప్లే సంబంధం వీగిపోయింది.

అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. లూసీకి, ఆమె చెల్లెలికి, ఆమె కుమార్తెకు ఉండే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. ఒకటే. అందుచేత నాన్సీ లూసీ కూతురా, చెల్లెలా అనే ప్రశ్నకు ఈ పరీక్ష ఒక్కటే జవాబు చెప్పలేదు. దానికి వీలునామా, డెన్నిస్ తల్లి చరిత్ర, లింకన్ హెర్న్‌డన్‌కు చెప్పిన మాట అవసరమయ్యాయి. ప్రయోగశాల కాగితాలకు తోడుగా నిలిచింది కాని వాటి స్థానాన్ని తీసుకోలేదు.

మారిన సరిహద్దులు

అమెరికాలో కౌంటీ అనేది మన జిల్లా వంటిది. జనాభా పెరిగినకొద్దీ కౌంటీలను విభజించేవారు. కుటుంబం కదలకుండానే చిరునామా మారిపోయేది. లింకన్ పుట్టిన సింకింగ్ స్ప్రింగ్ పొలం 1809లో హార్డిన్ కౌంటీలో ఉన్నది. 1843లో లారూ కౌంటీ ఏర్పడిన తరువాత అందులోకి వచ్చింది. ఇండియానాలో 1816లో వారు దిగిన చోటు పెర్రీ కౌంటీలో ఉండగా, 1818లో స్పెన్సర్ కౌంటీలో భాగమైంది. ఒక పుస్తకంలో హార్డిన్ అని, మరొక పుస్తకంలో లారూ అని ఉన్నప్పుడు అది వైరుధ్యం కాదు, రెండూ సరియైనవే. నాన్సీ జన్మస్థలంగా కొందరు చెప్పే ప్రదేశం నేడు వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఉన్నది. ఆ రాష్ట్రం ఏర్పడింది 1863లో. ఆమె పుట్టిననాటికి అది వర్జీనియాయే. పాత పత్రాలను వెదికేవారు నేటి పటాన్ని కాక ఆనాటి పటాన్ని ముందుంచుకోవాలి.

భూమి దస్తావేజులు చెప్పే సంగతులు

థామస్ లింకన్ సోమరి, నిలకడ లేనివాడు అని పాత జీవితచరిత్రలు చిత్రించాయి. దస్తావేజులు వేరే కథ చెపుతాయి. ఆయన 1803లో మిల్ క్రీక్ వద్ద 238 ఎకరాలు, 1808లో సింకింగ్ స్ప్రింగ్ పొలం కొన్నాడు. 1811లో నాబ్ క్రీక్ పొలానికి మారాడు. 1814 నాటి హార్డిన్ కౌంటీ పన్ను పట్టికలోని 98 మంది ఆస్తిపరులలో ఆయనది 15వ స్థానం.

కెంటకీలో భూములను ప్రభుత్వం ముందుగా కొలవలేదు. ఎవరికి తోచిన గుర్తులతో వారు కొలిపించుకోవటం వలన ఒకే నేలపై ఇద్దరు ముగ్గురు హక్కుదారులు ఉండేవారు. థామస్ మూడు పొలాలలోనూ కొలత తప్పులనో, హక్కు తగాదాలనో ఎదుర్కొన్నాడు. నాబ్ క్రీక్‌లో ఆయనను, ఇరుగుపొరుగు రైతులను ఖాళీ చేయించటానికి దావా వేశారు. బానిసత్వం కొంత కారణమైనా, ముఖ్యంగా భూమి హక్కుల చిక్కువలననే తండ్రి ఇండియానాకు వెళ్ళాడని లింకన్ వ్రాశాడు. ఇండియానాలో ప్రభుత్వమే కొలిచి అమ్మిన భూమి దొరికేది. 1817లో విన్సెన్స్ భూమి కార్యాలయంలో థామస్ 160 ఎకరాలకు దరఖాస్తు చేసి, అందులో 80 ఎకరాలకు 1827లో పూర్తి హక్కు పొందాడు.

1814 అక్టోబరులో మిల్ క్రీక్ పొలాన్ని అమ్మిన దస్తావేజులో థామస్ సంతకంతో పాటు నాన్సీ వేసిన అడ్డగీతల గుర్తు ఉన్నది. ఎన్నో వాదాలకు కేంద్రమైన ఆ ఇల్లాలు కాగితంపై తన చేతితో విడిచిన జాడ అటువంటిదే.

వస్తు సాక్ష్యం

పత్రాల వలెనే కట్టడాలను కూడా పరీక్షించవలసి ఉంటుంది. లింకన్ పుట్టిన ఇల్లుగా కెంటకీ స్మారక మందిరంలో ఒక దుంగల ఇంటిని చాలాకాలం ప్రదర్శించారు. 2004లో దుంగలలోని వార్షిక వలయాలను పరీక్షించగా వాటిలో అతి పాతది 1848 నాటిదని తేలింది. అప్పటికి లింకన్ వయస్సు ముప్పై తొమ్మిదేళ్ళు. ఆ ఇంటిని ఇప్పుడు ప్రతీకగా మాత్రమే పరిగణిస్తున్నారు.

పరిశోధనా పద్ధతి

ఈ వంశావళి నుండి విద్యార్థులు గ్రహించదగిన సూత్రాలు ఇవి.

1. పత్రం ఏ సంఘటనను తెలుపుతున్నదో, దానిని ఎప్పుడు, ఎవరు వ్రాశారో వేరువేరుగా చూడాలి. బైబిలు పుట ఇందుకు ఉదాహరణ.
2. ఒకచోట దొరకకపోవటం జరగలేదనటానికి రుజువు కాదు. పక్క కౌంటీలో కూడా వెదకాలి.
3. పేరు కలిసినంత మాత్రాన మనిషిని గుర్తించినట్లు కాదు. వయస్సు, నివాసం, బంధువులు కూడా కలవాలి.
4. వర్ణక్రమ భేదాలను ముందే ఊహించి వెదకాలి.
5. జ్ఞాపకాలలో సంఘటనను, సంవత్సరాన్ని విడదీసి తూచాలి.
6. సాక్షికి దాచవలసిన కారణమేదైనా ఉన్నదా అని ఆలోచించాలి. తనకు గౌరవం తగ్గించే సంగతిని మనిషి తానుగా చెప్పితే దానికి బరువు ఎక్కువ. లింకన్ తన తల్లి పుట్టుక గురించి చెప్పిన మాటకు విలువ వచ్చింది ఇందుచేతనే.

ప్రస్తుత స్థితి

పితృవంశ క్రమం, తాత మరణ సంవత్సరం, తల్లిదండ్రుల వివాహం నేడు స్థిరపడిన విషయాలు. నాన్సీ లూసీ హాంక్స్ కుమార్తె అనే అభిప్రాయం బలంగా ఉన్నది. లింకన్ చెప్పిన వర్జీనియా రైతు ఎవరన్నది నిర్ధారణ కాలేదు. నాన్సీ హాంక్స్ సమాధి ఇండియానాలో పిజన్ క్రీక్ సమీపాన గల లింకన్ బాల్య జాతీయ స్మారక ప్రాంగణంలో ఉన్నది. ఆమె వివాహ పత్రాన్ని వాషింగ్టన్ కౌంటీ భద్రపరచింది.